పొగడ్త లేని స్మరణ

కతోలిక మాజీ సైనికుడు కన్నుమూసినప్పుడు ఆయన్ను తలచుకునే పద్ధతులు రెండు ఒకేచోట కలుస్తాయి. సైన్యం ఆయన రెజిమెంటును, పతకాలను, పాల్గొన్న యుద్ధాలను పేరుపేరునా చదువుతుంది. దేవాలయం ఆ జాబితా జోలికి పోదు. మృతుల పూజలో గురువు క్లుప్తంగా ప్రసంగించాలే గానీ చనిపోయినవారిని కీర్తించే ఉపన్యాసం చేయరాదని రోమను పూజాగ్రంథపు సాధారణ నియమావళి 382వ అంశంలో ఉంది. సుబేదారైనా సిపాయైనా పూజాపీఠం ముందు జ్ఞానస్నానపు పేరొక్కటే వినిపిస్తుంది.

మొదటిసారి వినేవారికి ఈ నియమం కటువుగా తోస్తుంది. దాని వెనుక ఉన్నది మాత్రం లోతైన ప్రేమ. మరణం తర్వాత శుద్ధి పొందే ఉత్తరించు స్థలంలోని ఆత్మలకు బతికున్నవారి ప్రార్థన తోడ్పడుతుందని కతోలికుల విశ్వాసం. అందుకే నవంబరు 2న, సమాధుల పండుగనాడు, కుటుంబాలు సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి జపమాల చెప్పుకుంటాయి. పొగిడితే ఆ మనిషి లెక్క ముగిసినట్టే. ఆయనకోసం ప్రార్థించేవారికి ఆయనతో ఇంకా పని ఉంటుంది.

ఉత్తరాంధ్రలో ఈ విశ్వాసానికీ మాజీ సైనికులకూ ఉన్న సంబంధం పాతది. ఈస్టిండియా కంపెనీ కాలంలో వయసు మళ్లిన ఐరోపా సైనికుల దండు విశాఖపట్నంలో ఉండేది. సవాయ్ ప్రాంతపు ఆనెసీలో 1838లో పీటర్ మెర్మియే స్థాపించిన పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీ సభవారు 1846లో విశాఖ చేరేసరికి, వారికోసం ఎదురుచూస్తున్న కొద్దిపాటి సంఘంలో ఐర్లండు కతోలిక సైనికులు, పింఛనుదారులు, వారి ఆలుబిడ్డలు ఉన్నారు. ఆ తర్వాతే మిషనరీల పని లోపలి ఊళ్లకు పాకింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకు వేరుగా శ్రీకాకుళం మేత్రాసనం, అంటే బిషప్పు పాలనలోని ప్రాంతం, 1993లో ఏర్పడింది. సూర్యదేవాలయానికి పేరుపడ్డ అరసవల్లిలో ఒక కతోలిక కుటుంబం ఉంటే, అది ఈ మేత్రాసనం కిందికే వస్తుంది.

యుద్ధంలో ఒరిగిన సైనికుణ్ని దేశం గట్టిగానే గుర్తుపెట్టుకుంటుంది. జార్ఖండ్‌లోని జారి గ్రామానికి చెందిన ఆదివాసీ క్రైస్తవుడు లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా 1971 డిసెంబరు 3న గంగాసాగర్ పోరులో ప్రాణమిచ్చాడు. మరణానంతరం ఆయనకు పరమవీర చక్ర దక్కింది. బతికి తిరిగొచ్చినవాడి సంగతి వేరు. పదిహేనేళ్ల సర్వీసుతో పింఛనుకు అర్హత వస్తుంది కాబట్టి ఎందరో సిపాయిలు నలభై దాటకముందే ఇల్లు చేరతారు. అక్కణ్నుంచి ముప్పై, నలభై ఏళ్ల జీవితం మిగిలే ఉంటుంది. డిశ్చార్జి పుస్తకంలో దానికి పేజీ లేదు.

నిజానికి తలచుకోవలసిన భాగం అదే. ఏటా రెండు నెలల సెలవుకు వచ్చిపోయే మనిషిగానే పిల్లలకు తెలిసిన తండ్రి, ఇంటికొచ్చాక వారితో కొత్తగా చనువు సంపాదించుకోవాలి. అన్నేళ్లూ పొలం, అప్పులు, అత్తమామల జబ్బులు ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన భార్య నిర్ణయాలకు తలవంచాలి. ఆజ్ఞలకు అలవాటుపడినవాడికి ఇది చిన్న శిక్షణ కాదు. జ్ఞాన వివాహంలో ఇచ్చిన మాటకు అసలు పరీక్ష ఈ ఏళ్లలోనే.

బయట చేసే సేవకూ బిరుదులుండవు. సైనిక సంక్షేమ కార్యాలయంలో దాఖలు చేయాల్సిన కాగితాలు తెలియని వితంతువుకు తోడు వెళ్లడం, తెల్లవారుజామున రోడ్డు మీద పరుగులు తీసే కుర్రాళ్లకు భర్తీ ర్యాలీ మెళకువలు చెప్పడం, విన్సెంట్ డి పాల్ సభ తరఫున పేదల ఇళ్లకు వెళ్లి మంచిచెడ్డలు కనుక్కోవడం వంటివి ఇందులోకి వస్తాయి. ఆ సభను 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్, ఆయన మిత్రులు మొదలుపెట్టారు. సైనికుడి భక్తి ఇలా మలుపు తిరగడానికి శ్రీసభలో పాత ఆదర్శం పునీత మార్టిన్. రోమను సైన్యంలో ఉండగా ఆమియెన్ నగరద్వారం దగ్గర చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన అంగీని చీల్చి సగం ఇచ్చాడని సంప్రదాయం చెబుతుంది. తర్వాత ఆయన టూర్స్ బిషప్పయ్యాడు, 397లో మరణించాడు. ఆయన పండుగ నవంబరు 11. మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ఆగినదీ ఆ తేదీనే.

అరసవల్లి వంటి చోట ఇరుగుపొరుగులో ఎక్కువమంది హిందువులు. వారికి ఉత్తరించు స్థలం తెలియదు, రెజిమెంటు చరిత్ర పట్టదు. కన్నుమూసిన మాజీ సైనికుడి గురించి అడిగితే, ఫలానా దరఖాస్తు ఆయన రాసిపెట్టాడని, ఫలానా రాత్రి ఆసుపత్రికి తోడొచ్చాడని చెబుతారు. సైన్యం రాసుకోని, గురువు ప్రసంగంలో చోటులేని సంగతులు ఇలా వారి దగ్గరే దొరుకుతాయి. కుటుంబానికి మిగిలే పనులు మామూలువే. కుటుంబ పింఛను భార్య పేరు మీదికి మార్పించాలి, సమాధి రాయి మీద పేరుతోపాటు హోదా వేయాలో వద్దో తేల్చుకోవాలి, ఏటా వర్ధంతికి విచారణ గురువును అడిగి ఆయన పేరిట పూజ చెప్పించాలి.