బంగారు పళ్ళేనికి గోడ చేర్పు

బంగారంతో నగ చేయించుకోవడం వేరు, కంచం చేయించుకోవడం వేరు. నగ పని కనిపించడమే, ఆ పనికి బంగారం తగినదే. కంచం పని అన్నం పట్టడం. అది ఇత్తడి కంచం చేస్తుంది, మోదుగాకు విస్తరి కూడా చేస్తుంది. కంచాన్ని బంగారంతో పోతపోసినంత మాత్రాన అన్నానికి కొత్త రుచి రాదు, ఆకలి ముందుగా తీరదు. మరి పైన పెట్టిన ఆ విలువంతా దేనికి, ఎవరి కోసం? ఉపనిషత్తులు, ధర్మశాస్త్రాలు, జైనం, ఇస్లాం అన్నీ ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్న దగ్గర ఆగాయి. తెలుగు ఇళ్ళల్లో ఇది రెండు సామెతల్లో ఇమిడిపోయింది. బంగారు పళ్ళేనికైనా గోడ చేర్పు కావాలన్నది ఒకటి. బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా అన్నది రెండోది. పళ్ళెం బంగారుదైనా గోడ ఆసరా లేకుండా నిలవదు, కత్తి బంగారుదైనా మెడ కోస్తుంది. లోహం విలువ వస్తువు పనినీ అవసరాన్నీ మార్చదని రెండు సామెతలూ చెబుతున్నాయి.

ఈ ప్రశ్నను దగ్గరగా చూడడానికి పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతం కన్నా తగిన చోటు తెలుగునేలలో తక్కువ. పెనుకొండ విజయనగర రాజులకు ముఖ్యమైన కోట, తరువాత రాజధాని. ఆ రాజుల ఇంట బంగారు సామాను ఎలా ఉండేదో ఇద్దరు పోర్చుగీసువాళ్ళు రాసిపెట్టారు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన డొమింగో పేస్‌కు రాజభవనంలో వెండి గొలుసులతో వేలాడదీసిన మంచం కనిపించింది. దాని కోళ్ళు బంగారు కడ్డీలు. ఎదుటి గదిలో ఇంకో మంచం ఉంది. దానికి గొలుసులు కూడా బంగారువే. కోళ్ళ నిండా రత్నాలు పొదిగారు, పట్టెలకు బంగారు రేకు తాపడం చేశారు. మరోచోట మూడు బంగారు కొప్పెరలున్నాయి. ఒక్కోదానిలో సగం గొర్రెను వండవచ్చునని అతని అంచనా. అచ్యుతరాయల కాలంలో 1535 ప్రాంతంలో రాసిన న్యూనిజ్ కూడా రాజు మంచానికి బంగారు కోళ్ళనీ, దిండు అంచులకు ముత్యాలనీ, రాణుల మంచాలకు వెండి రేకులనీ చెప్పాడు.

ఈ వస్తువులన్నిటిలో మంచం దగ్గర ఆలోచన ఎక్కువసేపు నిలుస్తుంది. కొప్పెరను వంటవాళ్ళు చూస్తారు, సింహాసనాన్ని సభ చూస్తుంది. మంచం మీద పడుకున్న మనిషి మాత్రం కళ్ళు మూస్తాడు. మూసిన మరుక్షణం గొలుసు బంగారుదో, కొబ్బరి పీచు తాడో అతనికి తెలియదు. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు గాఢనిద్రను వివరిస్తూ, ఆ స్థితిలో తండ్రికి తండ్రితనం, దొంగకు దొంగతనం కూడా అంటవని బోధిస్తాడు. విన్నవాడు జనకుడు, ఒక రాజు. రాజుకు ఈ పాఠం నిద్రను ఉదాహరణగా పెట్టి చెప్పడంలో గొప్ప ఔచిత్యం ఉంది. రోజులో ఒక వంతు కాలం రాజు కూడా ఏమీ లేనివాడిగానే గడుపుతాడు. హాయిగా ఉండేది కూడా ఆ వంతులోనే.

1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధంలో విజయనగరాన్ని నడిపిస్తున్న అళియ రామరాయలు చనిపోయాడు. తమ్ముడు తిరుమలరాయలు రాజధానిని వదిలి, పేరుకు రాజైన సదాశివరాయలను వెంటబెట్టుకుని పెనుకొండకు చేరాడు. బంగారం, వజ్రాలు, రత్నాల సింహాసనం సహా బొక్కసమంతా 550 ఏనుగుల మీద తరలిందని రాబర్ట్ సివెల్ 1900లో వెలువడిన తన గ్రంథంలో రాశాడు. ఏనుగుల లెక్క అటూఇటూ కావచ్చు కానీ, రాజధాని ప్రజలను శత్రువులకు వదిలి బొక్కసాన్ని ఏనుగులెక్కించడం బాధ కలిగించే విషయమే. బంగారు సామాను యజమానిని కావలివాడిగా మారుస్తుందనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు. ఇవాళ పెనుకొండలో చూడడానికి మిగిలినవి గగన్ మహల్, కోట గోడలు, ద్వారాలు, గుళ్ళు. అంతా రాయీ గచ్చూ.

బంగారు గిన్నె నిలవకపోవడానికి కారణం దాని స్వభావంలోనే ఉంది. మట్టి కుండ పగిలితే పెంకులుగానైనా మిగులుతుంది, వందల ఏళ్ళ తరువాత తవ్వకాల్లో బయటపడుతుంది. బంగారు గిన్నె ఎవరి చేతికి చిక్కినా కరిగి ఇంకొకటవుతుంది. జీతాలివ్వాల్సిన రోజున అది నాణెం, పెళ్ళి రోజున వడ్డాణం. ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు చెప్పిన పాఠం ఇదే. ఒక్క బంగారు ముద్ద సంగతి తెలిస్తే బంగారంతో చేసినవన్నీ తెలిసినట్టేననీ, గిన్నె, గాజు, గొలుసు అన్నవి మాటలో పుట్టిన పేర్లేననీ ఆయన వివరిస్తాడు. వేదాంతులు ఈ దృష్టాంతాన్ని జగత్తుకూ బ్రహ్మానికీ వర్తింపజేశారు. బంగారాన్ని గొప్ప చేయడం వారి ఉద్దేశం కాదు. ఆ ఉపదేశంలో బంగారానికి ముందు వచ్చే ఉదాహరణ మట్టిముద్ద, తరువాత వచ్చేది గోళ్ళు తీసుకునే ఇనుప కత్తెర. సత్యం చెప్పడానికి మూడూ సమానంగా పనికొచ్చాయి.

ఈశావాస్యోపనిషత్తు మరింత సూటిగా బంగారు పాత్రనే పేర్కొంటుంది. సత్యం ముఖాన్ని ఒక బంగారు పాత్ర మూసి ఉంచిందనీ, దాన్ని తొలగించమనీ సూర్యదేవుడైన పూషుణ్ణి వేడుకునే మంత్రం అందులో పదిహేనోది. శంకరులు ఆ పాత్రను సూర్యమండలంగా వ్యాఖ్యానించారు. ఋషి మూతకు బంగారాన్నే ఎంచుకోవడం గమనించదగ్గది. మట్టి మూతైతే ఎవరైనా తీసి లోపల ఏముందో చూస్తారు. బంగారు మూత దగ్గర చూపు ఆగిపోతుంది. మూతనే వస్తువనుకుని వెనుదిరుగుతారు.

అయినా ఇదే సంప్రదాయం దేవుడి ఇంట బంగారు సామాను వద్దనలేదు. షోడశోపచారాలు చూస్తే అవన్నీ మనిషి ఇంటి పనులే. కూర్చోబెట్టడం, కాళ్ళు కడగడం, నీళ్ళివ్వడం, స్నానం చేయించడం, అన్నం పెట్టడం. ఒక్కో పనికీ ఒక్కో వస్తువు కావాలి. స్తోమత ఉన్నవాళ్ళు వాటిని బంగారంతో చేయించారు. 1513లో తిరుమల వచ్చిన శ్రీకృష్ణదేవరాయల దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవి స్వామి పాల నివేదనకు చెరొక బంగారు గిన్నె సమర్పించారని శాసనం చెబుతోంది. 1514లో రాయలు 30,000 వరహాలతో స్వామికి కనకాభిషేకం చేశాడు, 1518లో ఆనందనిలయ విమానానికి బంగారు పూత పెట్టించాడు. అదే కొండ మీద స్వామికి దద్ధ్యన్నాన్ని కొత్త మట్టి ఓడులో పెట్టి నివేదించే ఆచారం కూడా ఉంది. ఒకే గుడిలో బంగారు గిన్నెకూ చోటుంది, మట్టి ఓడుకూ చోటుంది.

శంకరుల పేరున ప్రచారంలో ఉన్న శివమానసపూజ ఈ చిక్కును ఇంకో దారిలో విప్పుతుంది. అందులో భక్తుడు శివుణ్ణి రత్నాల ఆసనం మీద కూర్చోబెడతాడు, నవరత్నాలు పొదిగిన బంగారు పాత్రలో నెయ్యీ పాయసం వడ్డిస్తాడు. అంతా మనసులోనే. ఆ పాత్రకు కంసాలి అక్కరలేదు, కావలి అక్కరలేదు, కరిగించేవాడి భయం లేదు. బంగారు పళ్ళెంలో వడ్డించాలన్న ఆశలో తప్పు లేదనీ, అది నెరవేరడానికి బంగారం అవసరం లేదనీ ఆ స్తోత్రం భావం. ఈ విషయంలో మన సంప్రదాయం ఇచ్చిన సమాధానాల్లో ఇదే అన్నిటికన్నా ఉదారమైనది. పేదవాడి పూజ రాజు పూజకు ఒక్క గురిగింజ ఎత్తు కూడా తగ్గకుండా నిలబెట్టింది.

దేవుడికిచ్చే బంగారం ఎవరిది అన్నది తరువాతి ప్రశ్న. హిందూపురానికి దగ్గరలోనే ఉన్న లేపాక్షి ఆ ప్రశ్న మీదే నిలబడింది. అచ్యుతరాయల కాలంలో పెనుకొండ ప్రాంతపు కోశాధికారి విరూపణ్ణ, తమ్ముడు వీరణ్ణతో కలిసి అక్కడి వీరభద్రాలయాన్ని పెంచి కట్టించాడు. రాజు బొక్కసంలోని సొమ్ము గుడికి ఖర్చు చేశాడన్న ఆరోపణ వచ్చిందనీ, కళ్ళు తీయించే శిక్ష పడబోతోందని తెలిసి తన కళ్ళు తానే పెరికి గోడకు విసిరాడనీ స్థానికులు చెప్పుకుంటారు. కల్యాణమండపం దగ్గర గోడ మీద రెండు ఎర్రని మరకలు చూపుతారు. ఇది ఐతిహ్యం, శాసనంలోని మాట కాదు. కానీ ఆ మరకల ముందు నిలబడి విన్నవాళ్ళెవరూ దీన్ని ఊరకే కొట్టిపారేయరు. ఈశావాస్యం మొదటి మంత్రంలోనే సంపద ఎవరిదని అడిగి, ఆశపడవద్దని హెచ్చరిక ఉంది. బొక్కసం రాజుదా, పన్ను కట్టిన రైతుదా, గుడిలోని స్వామిదా? కథ తీర్పు చెప్పదు. విరూపణ్ణను దొంగ అనదు, నిర్దోషి అని వదిలిపెట్టదు. కల్యాణమండపం మాత్రం పైకప్పు లేకుండా సగంలో ఆగి, నేటికీ అలాగే ఉంది.

బంగారు పాత్ర దేనికన్న మొదటి ప్రశ్నకు పెనుకొండలోనే ఇంకో రెండు సమాధానాలు దొరుకుతాయి. ఊళ్ళో బాబయ్య దర్గాగా పిలుచుకునే బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉంది. ఆయన సీస్తాన్ రాజ్యాన్ని వదులుకుని వచ్చిన సూఫీ అని సంప్రదాయం. హిందువులూ ముస్లింలూ అక్కడ మొక్కుకుంటారు. ఇస్లాం ధర్మశాస్త్రం నగకూ కంచానికీ మధ్య గీతను స్పష్టంగా గీసింది. స్త్రీలకు బంగారు నగలు అనుమతించింది. బంగారు, వెండి పాత్రల్లో తినడం, తాగడం మాత్రం స్త్రీపురుషులిద్దరికీ నిషేధించింది. అదే ఊళ్ళోని జైనుల పార్శ్వనాథ ఆలయంలో స్వామి విగ్రహం పచ్చరాతితో చెక్కింది, పచ్చ పార్శ్వనాథస్వామి అనే పిలుస్తారు. అపరిగ్రహం, అంటే దేన్నీ సొంతం చేసుకోకపోవడం, జైనుల మహావ్రతాల్లో ఒకటి. దిగంబర ముని దగ్గర ఉండేవి నెమలి పింఛం, నీళ్ళ కమండలం, శాస్త్రగ్రంథం మాత్రమే. అన్నీ వదిలినవాడి రూపాన్ని భక్తులు మెరిసే రాతిలో చూసుకున్నారు. కోరింది ఆయన కాదు, ఇచ్చింది వాళ్ళు.

మనుస్మృతి కూడా మనిషిని బట్టి నియమం మార్చింది. గృహస్థు ఇంట మరక అంటని బంగారు పాత్ర నీళ్ళతోనే శుద్ధి అవుతుందని ఒకచోట చెబుతుంది. సన్న్యాసికి లోహపాత్రే పనికిరాదు, సొరకాయ బుర్ర, కర్ర, మట్టి, వెదురు పాత్రలే తగినవని మరోచోట విధిస్తుంది. ఈ ప్రాంతానికి జిల్లా కేంద్రమైన పుట్టపర్తిలో ఈ రెండు నియమాలూ ఎదురెదురుగా నిలిచాయి. 2011 ఏప్రిల్‌లో సత్యసాయిబాబా కన్నుమూశాక జూన్‌లో ఆయన నివాసం యజుర్‌మందిరం తెరిచినప్పుడు 98 కిలోల బంగారం, 307 కిలోల వెండి, 11.56 కోట్ల రూపాయల నగదు ఉన్నట్టు లెక్క తేలింది. ఆయనను దైవంగా కొలిచినవారికి అది ఉపచారం. విరాగిగా చూడాలనుకున్నవారికి అది తీరని సందేహం. ఒక సంస్థను తూచడానికి మెరుగైన తూకం అక్కడికి దగ్గరలోనే ఉంది. 1990ల నడుమ ఆయన ట్రస్టు కరువు నేల అయిన అప్పటి అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు తాగునీరు అందించింది. స్టీలు బిందెలో పట్టిన ఆ నీళ్ళ ముందు 98 కిలోలు చిన్న లెక్క.

బంగారు వస్తువు చూడడానికే తప్ప వాడడానికి పనికిరాకుండా పోతుందనడానికి హైదరాబాద్ ఒక సాక్ష్యం. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం నుంచి రత్నాలు పొదిగిన బంగారు టిఫిన్ క్యారియర్, కప్పు, సాసర్, చెంచా చోరీ అయ్యాయి. కొద్ది రోజుల్లోనే దొరికాయి. నిందితుల్లో ఒకడు ఆ క్యారియర్‌లోనే భోజనం చేశాడని పోలీసులు చెప్పారు. అద్దాల పెట్టెలో ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్న ఆ గిన్నెల్లో అన్నం పడింది ఆ కొద్ది రోజులే.

బంగారాన్ని లక్ష్మిగా చూసే తెలుగు ఇళ్ళల్లో కాలికి బంగారం పెట్టరు. మట్టెలు, పట్టీలు వెండివే. దేవుడి పాదాలకు మాత్రం బంగారు తొడుగు చేయిస్తారు. బంగారం ఎవరి ఒంటి మీద ఎంతవరకు దిగవచ్చో ఈ ఆచారమే నిర్ణయించింది. దీనికి చిన్న మినహాయింపు ధర్మవరం పట్టుచీర. అందులో జరీ అంచు పాదాల దాకా దిగుతుంది. అసలు జరీ అంటే పట్టు పోగుకు వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పెట్టింది. పూజకూ పెళ్ళికీ ఇంట్లో మడిగా కట్టే బట్టలో బంగారం ఇలా పోగై, కట్టుకునేదై, ఉతుకు తట్టుకునేదై వచ్చింది. పీటల మీద కట్టిన చీర మళ్ళీ కూతురి పెళ్ళికి బయటికొస్తుంది. లేపాక్షి లతామండపం స్తంభాల మీది తీగలూ పువ్వులూ ధర్మవరం అంచుల్లోకి దిగాయి. రాజుల బంగారు వస్తువుల్లో లేని గుణం ఇందులో ఉంది. ఇది వాడుకలో ఉంటూనే మెరుస్తుంది.

చీర చిరిగిపోయాక పాత జరీ కొనేవాడికి అమ్ముతారు. అతను దాన్ని తూచి, పట్టును కాల్చి, వెండిని కరిగించి తీసుకుంటాడు. మగ్గం మీద కూర్చుని అంచు తీర్చిన నేతగాడి రోజులకు ఆ తూకంలో లెక్క లేదు.