వాకిట నిలిచిన బాలుడు



బాలుడు పాఠశాలనుండి క్రొత్త మిత్రుని వెంటబెట్టుకొని వచ్చును. ఇరువురికిని దాహము. ఇంటి పెద్దలు మొదట అడుగునది "నీ పేరేమి నాయనా?" అని కాదు, "మీరెవరు?" అని. ఆ "ఎవరు" అనగా కులమని పసివానికిని తెలియును. జవాబు విన్న పిమ్మట ఇంటివానికి మంచి గ్లాసును, వచ్చినవానికి మూలనున్న పాత గ్లాసును అందినచో, ఆనాడు బాలుడు నేర్చిన పాఠమును ఏ ప్రవచనమును చెరపజాలదు. ఇష్టలింగమును ధరించిన కొన్ని గృహములందును ఇట్లు జరుగుచున్నదని ఒప్పుకొనక తప్పదు.

పన్నెండవ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుడు ఆ ప్రశ్ననే మార్చెను. కులమేమని కాక, కాయకమేమి, దాసోహమేమి యని విచారించు సంఘమును నిలిపెను. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. డోహర కక్కయ్య తోళ్లు పదును చేసెను. పనులు వేరైనను, అనుభవ మంటపమున వారందరి శివానుభవమునకును ఒకే గౌరవము లభించెను.

ఆ సమత ఊరక లభింపలేదు. చర్మకారుడగు హరళయ్య కుమారునికిని, బ్రాహ్మణ వంశజుడగు మధువరసుని కుమార్తెకును వివాహము జరిగినందున ఆ తండ్రులిరువురును ప్రాణములర్పించిరని శరణుల సంప్రదాయము చెప్పుచున్నది. వారిని నిత్యము స్మరించువారు ఒక గ్లాసును మార్చుటకు వెనుదీయవచ్చునా?

సమతను పిల్లలకు ఉపన్యాసముచే నేర్పుట కష్టము. బసవ జయంతినాడు దాసోహమున వడ్డించు పనిని వారికి అప్పగింపుడు. మిత్రులందరిని పేరుపేరున పిలువనిండు. వడ్డించిన పిదప ఆ పంక్తిలోనే కూర్చుండి భుజింపనిండు. చెప్పులు కుట్టు తాతవద్ద నిలిచి, ఆ కుట్టు ఎట్లు వేయుదురో అడిగి తెలిసికొననిండు. అన్యమతస్థుల ఇంటికి పండుగకు పోయి వచ్చినవానిని "ఏమి తింటివి?" అని గద్దింపక, "వాళ్ల అమ్మ నీతో ఏమన్నది?" అని అడుగుడు. "ఇంకొంచెము తినుమన్నది, అచ్చముగా నీవలెనే" అని వాడు చెప్పవచ్చును. ఆ పోలికను వాడే కనుగొనవలెను. అప్పుడది వానిది యగును. ఎవరి ఆహార నియమము వారికుండవచ్చును. కాని నియమము వేరు, తిరస్కారము వేరు.

రేపు వాకిట మరల ఇద్దరు బాలురు నిలుతురు. పేరడిగి లోనికి పిలువుడు. రెండు గ్లాసులను ఒకే వరుసనుండి తీయుడు. వంటింటి గడపయొద్ద నిలిచి చూచుచున్న ఆ పసివానికి అదియే బసవబోధ.