గురికి ముందు నిగ్రహం

పెన్నానది యుగయుగాలుగా ఎర్రమల కొండలను కోసి లోయగా మలచిన చోట, ఎర్రని శిలల అంచున గండికోట నిలిచి ఉన్నది. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ దుర్గం పదిహేడవ శతాబ్ది మధ్యకాలంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే ఈ కోటలో ఫిరంగులు పోతపోయడం గురించి రాసిపెట్టాడు. ఆ ఫిరంగుల గర్జన అణగిపోయింది; వాటిని పోయించిన ప్రభువులూ, పేల్చిన భటులూ కాలగర్భంలో కలిసిపోయారు. బలం నశ్వరమనీ, ఆ బలాన్ని ఎలా వినియోగించారన్నదే లోకంలో నిలుస్తుందనీ మన పెద్దలు ఎరుగుదురు. మనమూ ఎరుగుదుము, కాని మరచితిమి.

ఫిరంగుల కాలం పోయినా, సకల ప్రాణులకూ ఊపిరియైన గాలినే మానవుడు ఆయుధంగా మలచుకొన్నాడు. ఎయిర్‌గన్‌లో బలమైన స్ప్రింగు విడివడి గాలిని అదిమినా, సిలిండరులో వాతావరణపీడనానికి రెండువందల రెట్లు బిగించిన గాలి ఒక్కసారిగా విడుదలైనా, అరగ్రాము సీసపు గుండు గొట్టం దాటి దూసుకుపోతుంది. పోటీలలో వాడే ఎయిర్ పిస్టల్ నుంచి అది సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో వెలువడుతుంది. వేగం రెండింతలైతే తాకిడి శక్తి నాలుగింతలవుతుందని ప్రకృతి శాసనం. శక్తి అంతగా పెరిగేచోట బాధ్యత ఉన్నచోటనే నిలిచితే అనర్థం తప్పదు. అందుకే 20 జౌళ్లకు మించిన శక్తి గాని, 4.5 మిల్లీమీటర్లకు మించిన గొట్టపు వ్యాసం గాని ఉన్న ఎయిర్‌గన్‌కు లైసెన్సు ఉండాలని 2016 ఆయుధ నియమాలు విధించాయి. అయితే ఆ హద్దుకు లోబడిన గుండు సైతం పసివాని కంటిచూపును హరించగలదు; చట్టం గీచిన గీత ధర్మానికి ఆరంభమే గాని అంతం కాదు.

శబ్దవేగాన్ని సమీపించిన సీసపు గుండు గాలి తాకిడికి చలించి గురి తప్పుతుంది. మితమైన వేగంలోనే దానికి స్థిరత్వం. 2018లో పదమూడేళ్ల ప్రాయంలో ఎయిర్ పిస్టల్ పోటీలో జాతీయ విజేతగా నిలిచిన హైదరాబాదు బాలిక ఈషా సింగ్ సాధించిన విద్య ఎట్టిదో ఆలోచించండి. పది మీటర్ల దూరాన, పదకొండున్నర మిల్లీమీటర్ల వలయంపై దృష్టి నిలిపి, శ్వాసను నియమించి, ట్రిగ్గర్‌పై వేలిని మెల్లమెల్లగా అదిమే క్రీడాకారులు, చేయి రవ్వంత వణికినదని తోచగానే గుండు విడువక పిస్టల్‌ను కిందికి దించుతారు. ఊపిరి తీసుకొని మళ్లీ ఎత్తుతారు. ఎత్తిన ఆయుధాన్ని దించగలగడమే ఆ విద్యకు పరాకాష్ఠ.

ఈ సత్యం భారత రామాయణ కథలు విన్నవారికి కొత్త కాదు. అర్జునుడు తాను విడిచిన అస్త్రాన్ని ఉపసంహరింపగలిగాడు. అశ్వత్థామకు విడువడమే తెలిసినది గాని మరలించడం తెలియలేదు, అందుచేత ఆ అస్త్రం గర్భస్థశిశువు మీదికి మళ్లింది. చీకటిలో శబ్దాన్ని బట్టి బాణం విడిచిన దశరథుడు నీరు ముంచుకొంటున్న మునికుమారుని బలిగొన్నాడు. ఆ పాపం పుత్రశోకమై వచ్చి ఆయన ప్రాణాలనే హరించింది. అశ్వత్థామకూ దశరథునికీ విలువిద్య కొరవడలేదు, కొరవడినది నిగ్రహం.

గండికోట ఉన్న ఈ కడప సీమలోనే, 1900 తరువాత ఎవరి కంటా పడక అంతరించిపోయిందని లోకం తలచిన కలివికోడి అనే పక్షి, 1986లో సిద్ధవటం ప్రాంతపు పొదలలో మళ్లీ కనబడింది. ఎనభైయారేళ్లు మరుగున ఉండి బ్రతికిన అట్టి జాతికి, వినోదం కోసం విడిచిన ఒక్క సీసపు గుండు ఎంత నష్టమో ఎవరు లెక్కింపగలరు? వన్యప్రాణుల వేటను 1972 చట్టం నిషేధించింది. అంతకు యుగాల ముందే మన అంతరాత్మ నిషేధించింది.

కనుక మానవులారా, బిగించిన గాలి కంటె ముందు మనస్సును బిగించుకొనండి. గురిపలకకు తప్ప ప్రాణం గల దేనికీ గొట్టం చూపకండి. పిల్లల చేతికి ఎయిర్‌గన్ ఇచ్చేవారు కాల్చడానికి ముందు దించడం నేర్పండి. అది నేర్వని చేతికి ఆయుధం ఇవ్వకండి.