దరఖాస్తులో ఆత్మకథ

అమెరికాలో డిగ్రీ చదువు కోరే విద్యార్థి మార్కులతోబాటు తన్ను గురించి ఒక వ్యాసం కూడా చాలాచోట్ల పంపుకోవాలి. అనేక కళాశాలలు స్వీకరించే 'కామన్ అప్లికేషన్'లో దానికి హద్దు 650 మాటలు. పదిహేడేళ్ళ పిల్ల తానెవరో అందులో చెప్పాలి. చెప్పింది తనదై వుండాలి. మన ఇంటర్మీడియట్ పిల్లల్లో ఇవి పంపేవారు కొద్దిమందే. తెలుగు చెప్పేవాణ్ణి గనుక, 'వ్యాసం' అనే మాట వినబడగానే వారిలో కొందరు నా దగ్గరకు వస్తారు. ఎక్కడిదాకా నాది సాయం, ఎక్కడినుంచి మోసం?

ముందుగా ఈ 'వ్యక్తిత్వ' మనే కొలబద్ద పుట్టుక చూడాలి. 1920లలో హార్వర్డ్, యేల్, ప్రిన్‌స్టన్‌లు పరీక్షల్లో నెగ్గి వస్తున్న యూదు విద్యార్థులను తగ్గించటానికే శీలం, నాయకత్వం వంటి ప్రమాణాలను ముందుకు తెచ్చాయి. జెరోమ్ కారబెల్ 2005లో 'ది చోజెన్' అనే గ్రంథంలో ఈ చరిత్రను వివరంగా చూపాడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వచ్చిన 60 వేల దరఖాస్తులపై 2021లో వెలువడిన పరిశోధన ప్రకారం, ఇంటి ఆదాయంతో ఎస్.ఏ.టి. మార్కులకున్న సంబంధం కంటె వ్యాసాలకున్న సంబంధమే గట్టిది. ఇక 2023లో ఆ దేశపు సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని లెక్కించరాదంటూనే, జాతి తన జీవితాన్ని ఎలా తాకిందో విద్యార్థి వ్యాసంలో రాస్తే పరిగణించవచ్చునన్నది. అంటే, సమాజం చేసిన గాయాన్ని ఒక్కొక్క పిల్లా విడివిడిగా విప్పి చూపాలన్న మాట! (మన ఎంట్రన్సులు ఇంతకంటె పవిత్రమైనవని నేననను, కోచింగు ఫీజుల సంగతి అందరికీ తెలిసిందే.)

కన్సల్టెన్సీల వాళ్ళకు ఒక మూస వుంది: కష్టం, పట్టుదల, విజయం. ఆ మూసలో అబద్ధం ఒక్కటీ లేకపోవచ్చు. అయినా కష్టానికి కారణం అందులో ఇమడదు. అప్పు ఎవడిచ్చాడో, వడ్డీ ఎంతో, ఇవన్నీ పోయి చివరకు 'నా పట్టుదల' ఒక్కటే మిగులుతుంది. సామాజిక సత్యం వ్యక్తి సుగుణంగా మారి అమ్మకానికి వస్తుంది. నా దృష్టిలో అసలు కృత్రిమత్వం ఇదే. అరువు మాటలు దీని తరువాతివి.

నిజాయితీ లోపల సిద్ధంగా దాచివున్న సరుకు కాదు. రాస్తూండగా ఏర్పడేది. అందుకే పిల్లల చేత మొదటి ప్రతి తెలుగులోనే రాయిస్తాను. వాక్యం ఒక్కటీ అందివ్వను. ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారు? నీ చేతులు ఏం చేస్తున్నాయి? ఇట్లా అడుగుతాను. ప్రశ్న కూడా దారి మళ్ళించేదే, నిజమే. కాని జవాబు వారిది.

వరంగల్ వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పత్తి రైతు బిడ్డ అడిగింది: "సార్, మా నాయిన అప్పు గురించి రాస్తే సీటొస్తదంటున్నరు. రాయాల్నా?" నాతో పనిచేసే ఒక మిత్రుడు వెంటనే అన్నాడు: "రాయమను. ఉన్నవాడి పిల్లలు ఎండాకాలపు సమాజసేవను అమ్ముకుంటున్నారు. ఈ పిల్ల అప్పును అమ్ముకుంటే నీ నీతికేం నష్టం?" ఈ వాదాన్ని తేలిగ్గా తోసివేయలేము. ఆకలితో వున్నవారికి శుచిత్వం బోధించటం కడుపు నిండినవాడి పని. అయితే ఆ అప్పు అమ్మాయి ఒక్కదానిదే కాదు గదా! సంతకం తండ్రిది. అందుచేత, "ముందు మీ నాయిన్నడుగు" అన్నాను.

ఆయన చెప్పిన జవాబు ఆ పిల్ల వచ్చి చెప్పింది: "రాయి బిడ్డా. గానీ ఎవలకు బాకీ ఉన్నమో, ఎందుకయిందో గూడ రాయి."

అప్పుడు వ్యాసం మారింది. విత్తనాలూ ఎరువులూ అరువిచ్చి, పంట రాగానే తన ధరకే పత్తి తీసుకునే షావుకారు అందులోకి వచ్చాడు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ వచ్చింది. ఏడో తరగతిలో పాత నోటుబుక్కు వెనక పేజీల్లో ఆ లెక్క వేస్తూ, అసలు ఎందుకు తరగటం లేదో తెలియక తాను మూడుసార్లు కొట్టివేసి మళ్ళీ వేసిన సంగతి వచ్చింది. పట్టుదల అన్న మాట ఎక్కడా లేదు. కన్సల్టెన్సీ వాళ్ళు షావుకారున్న భాగాన్ని 'రాజకీయం' అని కొట్టివేశారట. అమ్మాయి దాన్ని తిరిగి చేర్చింది. 650 దాటిపోతే, తనకు జిల్లాస్థాయి వక్తృత్వంలో వచ్చిన బహుమతి తీసివేసింది.