జానెడు వాలు

హైదరాబాద్ నుంచి బెజవాడ వచ్చే కార్లు పరిటాల దగ్గర కాస్త వేగం తగ్గిస్తాయి. రోడ్డు పక్కనే 135 అడుగుల ఆంజనేయస్వామి. 2003లో వెలిసిన ఈ విగ్రహాన్ని ఎన్నిసార్లు చూసినా కళ్లు అప్పగించి మళ్లీ చూడాల్సిందే. అవనిగడ్డలో పెళ్లికి బయల్దేరిన ఓ పెద్దమనిషి మొన్న అక్కడే కారాపి, భార్యను స్వామి పాదాల దగ్గర నిలబెట్టి ఫోన్ తీశాడు. కిరీటం పడితే పాదాలు పడవు, పాదాలు పడితే కిరీటం పడదు. ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ వేస్తూ, వెనక నుంచి లారీ హారన్ మోగేసరికి ఉలిక్కిపడి ఆగాడు. ఫొటో మాత్రం వచ్చింది. స్వామి నిండుగా ఉన్నాడు, ఆవిడ మాత్రం ఆయన బొటనవేలి పక్కన చీమంత.

"ఇందులో నేనెక్కడున్నానండీ?" అని ఆవిడ అడిగిన ప్రశ్న బెజవాడ దాకా కారులోనే ఉంది.

పరిటాల ఒకప్పుడు వజ్రాల గనులకు పేరుమోసిన ఊరు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న రీజెంట్ వజ్రం ఈ కృష్ణాతీరపు గనుల్లోనే దొరికిందంటారు. ఆ సంగతి తెలిసినవాళ్లు కూడా గనులున్న చోటెక్కడని అడిగి కారాపరు. గుంటలో చూడ్డానికేముంటుంది? తల పైకెత్తి చూడాల్సినదైతేనే మనకు ఫొటో.

బెజవాడలో ఆయనకు అలాంటిదే మరొకటి దొరికింది. ఇంద్రకీలాద్రి కిందుగా, కృష్ణ ఒడ్డున సాగే కనకదుర్గ ఫ్లైఓవర్. 2020 అక్టోబర్ 16న మొదలైంది. ఒంటి స్తంభాల మీద ఆరు వరుసల రోడ్డు. ఒక పక్క కొండ, ఒక పక్క ఏరు. దాని మీద వెళ్తున్నప్పుడు అదెంత అందంగా ఉందో తెలియదు, ఆపి చూద్దామంటే అక్కడ ఆపకూడదు. చూడాలంటే దిగి దూరం వెళ్లాలి. ఆయన ప్రకాశం బ్యారేజీ మీదికి నడిచాడు. అక్కణ్ణుంచి కొండ, గుడి, వంతెన, నీళ్లు అన్నీ ఒక్క ఫ్రేములో ఇమిడాయి. పది ఫొటోలు తీశాడు. తాను నిలబడ్డ బ్యారేజీ మాత్రం పదింటిలో ఒక్కదాంట్లోనూ లేదు!

అసలు కథంతా ఆ కాళ్లకింద ఉన్నదానిదే. ఆర్థర్ కాటన్ పట్టుదలతో పనికి దారి పడితే, కెప్టెన్ ఓర్ 1852లో ఆనకట్ట మొదలుపెట్టి 1855కల్లా కట్టి చూపించాడు. దాదాపు నూరేళ్లు నిలబడి 1952 వరదకు అది గండి పడింది. దాని స్థానంలో 1957కల్లా వచ్చినదే ఈ బ్యారేజీ. డెబ్భై గేట్లు, కిలోమీటరుకు మించిన పొడవు. టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. పన్నెండు లక్షల ఎకరాలకు పైగా తడుపుతున్నది దీని వెనక నిలిచిన నీళ్లే.

బెజవాడ వాళ్లకు ఎత్తు గురించి ఒక పాత లెక్క ఉంది. కృష్ణ పొంగి దుర్గమ్మ ముక్కుపుడకను తాకిన రోజు కలియుగం చెల్లిపోతుందని. 2009 అక్టోబర్‌లో పదకొండు లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఊరు ఆ మాట తలచుకుంది. 2024 సెప్టెంబర్‌లో 11.43 లక్షలు వచ్చి, కొట్టుకొచ్చిన భారీ పడవలు గేట్లకు అడ్డంపడి కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నప్పుడు మళ్లీ తలచుకుంది. అమ్మవారి ముక్కుపుడకకు, వరదకు మధ్య ఇంకా ఎంత ఉందోనని కొండవైపు చూసిన కళ్లే, ఆ పూట ఫోన్లోంచి కూడా చూశాయి. ఇందులో ఎగతాళి చెయ్యాల్సిందేమీ లేదు. భయపడ్డవాడు కూడా ఫొటో తీస్తాడు.

బెజవాడ స్టేషను సముద్రమట్టానికి 20 మీటర్లకు కాస్త అటూఇటూ. ఏరు కడలిలో కలిసేది అక్కడికి 80 కిలోమీటర్ల పైమాటే. అంటే కిలోమీటరుకు పడే పల్లం సుమారు ఒక జానెడు. కృష్ణా డెల్టా అంటే ఆ జానెడు వాలే. ఆ వాలును పసిగట్టి, నీళ్లు తమంతట తామే పొలం దాకా నడిచిపోయేలా కాలువలు తవ్వారు. కాలువ గట్టు మీద కూర్చుని ఎంతసేపు చూసినా కంటికి ఆనని ఈ వాలును ఏ కెమెరా పట్టగలదు? 135 అడుగులను పట్టిన ఫోనుకు జానెడు దొరకదు.

ఇదంతా ఆయనకు బ్యారేజీ మీద తట్టలేదు. పులిగడ్డలో తట్టింది.

కరకట్ట వెంట అరటితోటలు, పసుపు చేలు దాటుకుంటూ అవనిగడ్డకు వెళ్తే, పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై దివిసీమను ఒడిలోకి తీసుకుంటుంది. అక్కడ ఏటిపాయ మీదుగా ఒక వంతెన. మనుషుల కోసం కాదు, కాలువ కోసం. బెజవాడ నుంచి ఎత్తు పోగొట్టుకోకుండా జాగ్రత్తగా వచ్చిన నీటిని ఏట్లోకి వదిలేస్తే అంతే సంగతులు, సముద్రంలో కలుస్తుంది. అందుకని ఏటి మీదుగా దాటించి దివిసీమ పొలాలకు అప్పజెప్పారు. ఊళ్లోవాళ్లు అక్విడెక్టు అంటారు.

ఆయన ఫోన్ తీసి ఎటు చూపాలో తేల్చుకోలేకపోయాడు. ఎత్తుగా ఏమీ లేదు. గట్టు మీద సైకిలు ఆపుకుని నిలబడ్డ రైతొకాయన అడిగాడు.

"ఏం తీస్తన్నారండీ?"

"ఏటి మీద కాలువ కదండీ, వింతగా ఉంది."

"వింతేవుందండీ? పైన పారేదీ కిష్ణే, కింద పారేదీ కిష్ణే. పైది మాకు, కిందది సముద్రానికి."

ఎత్తంటే దివిసీమ వాళ్లకు వేరే జ్ఞాపకం. 1977 నవంబర్ 19 ఉప్పెన రాత్రి తాటిచెట్టెత్తున నీళ్లొచ్చాయని ఇప్పటికీ చెబుతారు. చనిపోయినవాళ్లు సర్కారు లెక్కకే దాదాపు పదివేలు. ఆ రాత్రి మేడో చెట్టో దొరికినవాళ్లలో కొందరు బతికారు. తరవాత తీరగ్రామాల్లో తుపాను షెల్టర్లు లేచాయి. ఎండకు వెలిసి, పెచ్చులూడి ఉండే ఆ కట్టడాలను ఫొటో తీసే బాటసారి ఉండడు.

పెళ్లింట్లో ఫోను చేతులు మారింది. హనుమంతుణ్ణి చూసి "అబ్బో" అన్నారు, ఫ్లైఓవరు చూసి "భలే వచ్చిందే" అన్నారు. పులిగడ్డ ఫొటో రాగానే ఓ కుర్రాడు "ఇదేంటి బాబాయ్, బురద నీళ్లు?" అంటూ పక్కకు జరిపేశాడు. ఫొటోలో నిజంగానే అంతకు మించి ఏమీ పడలేదు. వెనకున్న పెద్దాయనొకడు మాత్రం దాన్ని వెనక్కి తెప్పించి, కళ్లజోడు సవరించుకుని, "కాలవ నిండుగా వదిలారన్నమాట" అన్నాడు.

మోపిదేవి స్వామి దర్శనానికో, చుట్టాల ఇంటికో అటు వెళ్లేవాళ్లు పులిగడ్డ దగ్గర ఓ పది నిమిషాలు ఆగి చూడండి. కారు మాత్రం కరకట్ట మీద ఆపకండి, ఇరుకు రోడ్డు.