వినేవాడి బాకీ

శాస్త్రీయ సంగీతాన్ని ప్రాణప్రదంగా ప్రేమించేవాళ్ళు ఒకచోట చేరితే మాట చివరికి యిష్టమైన రికార్డుల దగ్గరికే వస్తుంది. ద్వారం వేంకటస్వామినాయుడి వయొలినా, ఈమని శంకరశాస్త్రి వీణా, బాలమురళి గాత్రమా అని వాదులాడుకుంటారు. ఆ వాదం వ్యర్థమని నేననను. కాని దాని వెనుక ఒక నైతిక ప్రశ్న వుంది. ఒక గొంతును ప్రేమించినవాడు ఆ గొంతు వెనుకనున్న మనిషికి బాకీ పడతాడా?

పడడనేవారు రెండు రకాలు. నాదానికి సంఘంతో పనిలేదనే శుద్ధ కళావాదులు మొదటి రకం. గుళ్ళలో, దొరల కొలువుల్లో పెరిగిన సంగీతాన్ని వినడమే తప్పనే మిత్రులు రెండవ రకం. భూపాలపల్లిలో నా విద్యార్థులు కొందరు రెండవ మాటే అంటారు. నాన్న బొగ్గుబాయి షిఫ్టు దిగి వస్తుంటే మాకు రాగమెందుకు సార్ అని వాళ్ళ ప్రశ్న. ద్వారం వారు ప్రిన్సిపాలుగా పనిచేసిన విజయనగరం సంగీత కళాశాల కూడా 1919లో జమీందారీ సొమ్ముతో వెలసినదే గదా!

ఆ ఆవేశం న్యాయమైనదే. తీర్పు మాత్రం యాంత్రికం. సంగీతం ఎరగని చెవికి ఎంత గొప్ప సంగీతమైనా అర్థరహితమని 1844 నాటి రాతప్రతుల్లో మార్క్సే అన్నాడు. మనిషి యింద్రియాలు యిలా రూపొందడం ప్రపంచ చరిత్ర అంతా పడిన శ్రమకు ఫలమని ఆయన భావం. అయితే వినగల చెవి కూడా ఉమ్మడి ఆస్తే. దాన్ని కొద్దిమందికి వదిలి తప్పుకోవడం అభ్యుదయం కాదు. నేటి ప్రకాశం జిల్లా కరవదిలో ముస్లిం నాదస్వర కుటుంబంలో పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) శ్రీరంగంలో స్థిరపడి త్యాగరాజ కృతులు వాయించాడు. ఈ సంగీతం ఒక్క మతం సొత్తే అయితే ఆ మహావిద్వాంసుడు మనకు దక్కేవాడు కాడు.

ఇక శుద్ధ కళావాదుల మాట. మనం మెచ్చే రికార్డు ఆకాశం నుంచి వూడిపడలేదు. 78 ఆర్.పి.ఎం. గ్రామఫోను ప్లేటు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే పాడుతుంది. గంటసేపు విస్తరించవలసిన రాగాన్ని కళాకారులు ఆ కొలతకు కుదించుకోవలసి వచ్చింది. ఆ యంత్రం ముందు తొలిరోజుల్లో నిలబడినవారిలో సంఘం చిన్నచూపు చూసిన స్త్రీలెందరో వున్నారు. కలకత్తాలో గౌహర్ జాన్ 1902లోనే పాడింది. దక్షిణాదిలో దేవదాసీ కుటుంబాల స్త్రీలు పాడారు. వాళ్ళ గొంతును యింట్లోకి ఆహ్వానించిన పెద్దమనుషులు వాళ్ళను ఆహ్వానించలేదు.

బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) జీవితం చూడండి. ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని ఆమె 1910లో ప్రకటిస్తే, 1911లో ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి స్వార్జితంతో గుడి కట్టించింది. అక్కడి ఆరాధనలో స్త్రీలకు పాడే హక్కు లేకపోతే, 1927 నుంచి స్త్రీల చేత వేరుగా ఆరాధన జరిపించింది. దేవదాసీ దురాచారాన్ని నిషేధించిన 1947 నాటి మద్రాసు చట్టం అవసరమైనదే. జోగినీ ఆచారాన్ని కూడా నిషేధించిన 1988 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమూ అంతే. కాని కళ మర్యాదస్థుల యిళ్ళకు చేరాక, దాన్ని కాపాడిన స్త్రీలలో పెక్కుమంది గడప బయటే మిగిలారు. రికార్డు విని యీ చరిత్ర వినకపోతే సగమే విన్నట్టు.

మా ప్రాంతంలో యీ ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి మాకు దూరం కాదు. దాని శిల్పాల్లో నర్తకులతోపాటు మద్దెల వాయించేవారూ వున్నారు. గణపతిదేవుని గజసేనాని జాయప 1253–54లో నృత్తరత్నావళి రాస్తూ ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు మార్గికీ, నాలుగు దేశికీ కేటాయించాడు. ఒక రాజసేనాని పాటించిన ఆ పాడి నేటి రసికుడు పాటించడు. మేడారంలో మోగే డోలునూ, వూళ్ళలోని ఒగ్గు కథనూ జానపదమని ఒక మూల పెడతాడు. కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశాడు. బిరుదుకు చప్పట్లు కొట్టినవారిలో ఆయన చెప్పే కోయ వంశగాథలను ఓపికగా విన్నవారెందరు?

బాకీ తీర్చడమంటే యిష్టమైన రికార్డును పారవేయడం కాదు. ద్వారం వారి కమాను వినడం నేను మానను. పాడినవారి బతుకు తెలుసుకోవాలి. గని కార్మికుడి బిడ్డకు కూడా సంగీతం నేర్చుకునే వీలు కావాలని అడగాలి. మన చెవి యింతవరకు సంగీతమని ఒప్పుకోనిదాన్ని అదే శ్రద్ధతో కూర్చుని వినాలి. యీ పనులు చేయనివాడు ఎన్ని రికార్డులు కూడబెట్టినా కొనుగోలుదారుడే గాని రసికుడు కాడు.