బలము తీరిన పిదప

సినిమాలనుగూర్చి వ్రాయుటకు మేము తగినవారము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, జీవితమంతయు కచేరీ దస్త్రములమధ్య గడపినవారము. అయినను మా మనుమడు మొన్న చూపిన ఒక పాత అమెరికా చిత్రము వారము దినములు మమ్ము నిద్రపోనీయలేదు. అందుచే ఈ సంచికకు దానినే విషయముగా గైకొంటిమి.

1962లో వెలువడిన ఆ చిత్రము పేరు 'రిక్వియమ్ ఫర్ ఎ హెవీవెయిట్'. రాడ్ సెర్లింగ్ 1956లో టెలివిజనుకొఱకు వ్రాసిన నాటకము దీనికి మూలము. దర్శకుడు రాల్ఫ్ నెల్సన్. వయసు మీఱిన ముష్టియోధుడు మౌంటెన్ రివేరాగా ఆంథొనీ క్విన్ నటించెను. ఆరంభమున అతనిని పడగొట్టు యువకుడు ఇరువదియేండ్లు నిండీ నిండని కేషియస్ క్లే, అనగా తరువాతి మహమ్మదాలీ. ఆ ఆలీయే 1980లో, తన ముప్పదియెనిమిదవ యేట, లారీ హోమ్స్ యెదుట పది రౌండ్లకుమించి నిలువలేకపోయెను. వయసునకు ఎవరియెడను మొగమోటము లేదు.

ఇంకను దెబ్బలు తినినచో చూపు పోవునని రివేరాతో వైద్యుడు చెప్పును. అతనికి వేఱు పని రాదు. ఉద్యోగములు చూపు కచేరీలోని గ్రేస్ అను యువతి పిల్లల శిబిరములో కొలువు ఇప్పింపబోగా, అతని మేనేజరు మెయిష్ త్రాగించి ఆ అవకాశమును చెఱచును. మెయిష్ బాధ మెయిష్‌ది. రివేరా త్వరలోనే పడిపోవునన్న లెక్కతో అతడు పందెపువారితో వ్యవహారము నడపెను. రివేరా ఏడవ రౌండువఱకు నిలుచుటచే అప్పు మెడకు చుట్టుకొనెను. మేనేజరును ముంచినది తన మనిషి ధైర్యమే! ఇక గెలుపోటములు ముందుగనే కుదిర్చిన కుస్తీలో రివేరా అమెరికా ఆదివాసి వేషము కట్టి దిగినగాని ఆ ఋణము తీఱదు.

కావలెనని ఎన్నడును ఓడిపోలేదనుటయే రివేరాకున్న ఆస్తి. కనుక మొదట కాదనును. మెయిష్ తన ఓటమిపై లెక్క కట్టెనని తెలిసిన పిదపను, ఆతని ప్రాణముమీదికి వచ్చుట చూచి, వేషము కట్టి గోదాలో కేకలు వేయుచు గంతులిడును. జనులు నవ్వుదురు. చిత్రము అచటనే ముగియును.

ఇది కృతజ్ఞతయా? మా మిత్రులొకరు కర్ణుని ఉదాహరించిరి. మాకు ఆ పోలిక సరిపడలేదు. దుర్యోధనుడు కర్ణుని పరాక్రమమును కోరెను, ప్రాణమును సైతము గైకొనెను. సభలో కోతిచేష్టలు చేయుమని మాత్రము అడుగలేదు. వీరఘట్టమున పుట్టిన మన కోడి రామమూర్తి సంగతి చూడుడు. ఛాతీపై ఏనుగును నిలిపిన ఆ మల్లుడు కాలు పోగొట్టుకొని, మనమున్న ఈ ఒడిశాలోని బలాంగీరున, సంస్థానాధీశుని ఆదరమున కడపటి దినములు గడపి 1942లో కన్నుమూసెను. బలము తీరినవానికి కావలసినది అట్టి నీడ. రివేరాకు అది దొరకలేదు. తానే మెయిష్‌కు నీడ కావలసివచ్చెను.

అతనిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. మా తండ్రిగారు పోయిన యేట మాకు కొలువిప్పించిన పెద్దమనిషి ఒకరుండిరి. ఇరువదేండ్ల తరువాత వారు మమ్ము పిలిచి, దరఖాస్తుల రిజిష్టరులో ఒక తేదీని రెండు దినములు ముందునకు జరుపుమనిరి. వారి ఉప్పు తిన్నవారము. జరిపితిమి. గడువు దాటినదను కారణముచే ఒక చిన్న గుత్తదారు దరఖాస్తు త్రోసివేయబడెను. రివేరా తన పరువునే ఇచ్చెను; మేమిచ్చినది మాది కాదు.

ఆ గుత్తదారు ఒకనాడు వచ్చి రిజిష్టరు చూపుమనెను. చూపితిమి. తానే ఆలస్యముగా వచ్చియుందునని తలచెను కాబోలు, మా దస్తూరీ ముత్యాలవలె ఉన్నదని మెచ్చుకొని, నమస్కరించి వెళ్ళెను.